క్రోమ్‌లో యూబ్లాక్ ఆరిజిన్ ఆగిపోయింది: ల్యాప్‌టాప్, ఫోన్లు, టీవీ అన్నిటికీ ఇప్పుడేం పెట్టుకోవాలి?

విభాగం: బ్రౌజర్లు, ఇంటి నెట్‌వర్క్

#1 · కృష్ణ_కెనాల్

అందరికీ నమస్కారం. క్రోమ్ 139కి అప్‌డేట్ అయ్యాక యాడ్‌లు ఆపే ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కి తగిలించే చిన్న ప్రోగ్రామ్) యూబ్లాక్ ఆరిజిన్ బూడిదరంగులో పడి ఉంది. తిరిగి ఆన్ చేసే బటన్ కూడా లేదు. ఇంట్లో ఉన్నవి రెండు విండోస్ 11 ల్యాప్‌టాప్‌లు, మూడు ఆండ్రాయిడ్ ఫోన్లు, ఒక ఐఫోన్, ఒక స్మార్ట్ టీవీ. ఫైబర్ నెట్, కంపెనీ వాళ్లిచ్చిన రూటరే.

అడగాల్సినవి: క్రోమ్‌లో దీన్ని మళ్లీ తెచ్చుకునే దారి ఉందా? లేకపోతే దేనికి మారాలి? రూటర్ దగ్గరే యాడ్‌లు ఆపేస్తే ఇంటిల్లిపాదికీ సరిపోతుందా, లేక ఒక్కో పరికరంలో విడిగా పెట్టాలా?

#2 · పోర్టు53

క్రోమ్‌లో దారి లేదు, ఆ సంగతి ముందే తేల్చేసుకోండి. 138 వరకూ విండోస్ రిజిస్ట్రీలో ఒక ఆఫీసు పాలసీ పెట్టి మానిఫెస్ట్ వి2 అనే పాత పద్ధతిలో రాసిన ఎక్స్‌టెన్షన్లని నడిపించుకోగలిగారు. 139లో ఆ పాలసీనే పీకేశారు. దాని మీద వీడియోలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి, పట్టించుకోకండి. అప్‌డేట్ ఆపేసి పాత క్రోమ్ పట్టుకుని వేలాడటం ఇంకా అధ్వాన్నం. యాడ్‌ల కోసం సెక్యూరిటీ ప్యాచ్‌లు వదులుకున్నట్టు.

లోపల జరిగింది ఇదీ. పాత పద్ధతిలో బ్రౌజర్ ప్రతి రిక్వెస్టూ బయటికి పంపేముందు ఎక్స్‌టెన్షన్‌ని అడిగేది: "ఇది పంపనా, ఆపనా?" నిర్ణయం ఎక్స్‌టెన్షన్ కోడ్‌ది. కొత్త పద్ధతి అయిన మానిఫెస్ట్ వి3లో ఆ అడగడం లేదు. ఎక్స్‌టెన్షన్ తన రూల్స్ పట్టికని ముందే బ్రౌజర్ చేతికి ఇచ్చేయాలి, పోల్చి చూసి ఆపేది బ్రౌజరే. ఆ పట్టికకి హద్దులున్నాయి: ఒక్కో ఎక్స్‌టెన్షన్‌కి గ్యారంటీగా దక్కేవి 30,000 స్టాటిక్ రూల్స్ (ఎక్స్‌టెన్షన్‌తో పాటే వచ్చేవి), ఆపైన అన్ని ఎక్స్‌టెన్షన్లూ పంచుకునే ఉమ్మడి కోటా. రెజెక్స్ రూల్స్ (అక్షరాల నమూనాతో పోల్చేవి) అయితే 1,000 దాటకూడదు. వేగం, ప్రైవసీ కోసం అని గూగుల్ చెప్పే కారణం. అందులో కొంత నిజం లేకపోలేదు, ఎందుకంటే ప్రతి రిక్వెస్టునీ చూడగలిగే ఎక్స్‌టెన్షన్ చెడ్డవాడి చేతిలో పడితే మన పని అయిపోయినట్టే. కానీ నష్టపోయింది మాత్రం మంచి బ్లాకర్లు కూడా.

మీకున్న దారులు నా లెక్కలో ఈ వరసలో:

ఫైర్‌ఫాక్స్‌లో పూర్తి యూబ్లాక్ ఆరిజిన్. అక్కడ పాత పద్ధతి ఇంకా ఉంది. పైగా సొంత సైటు పేరు తొడుక్కుని వచ్చే ట్రాకర్లని, అంటే సీనేమ్ ముసుగు వేసుకున్నవాటిని, డీఎన్ఎస్‌లో (సైటు పేరుకి ఐపీ చిరునామా చెప్పే వ్యవస్థ) తవ్వి పట్టుకోవడం ఫైర్‌ఫాక్స్‌లోనే కుదురుతుంది. క్రోమ్‌లో ఎప్పుడూ కుదరలేదు.

క్రోమియం (క్రోమ్‌కి పునాది అయిన కోడ్) తప్పదంటే బ్రేవ్ బ్రౌజర్. దాని షీల్డ్స్ ఎక్స్‌టెన్షన్ కాదు, బ్రౌజర్‌లోనే రస్ట్ భాషలో రాసి పెట్టారు. కాబట్టి వి3 గొడవ దానికి అంటదు.

ఆఫీసు వాళ్లు క్రోమ్ తప్ప వద్దంటే యూబ్లాక్ ఆరిజిన్ లైట్, అంటే వి3కి తగ్గట్టు కుదించిన రూపం.

#3 · ఓరుగల్లు_కోడర్

లైట్‌ని మరీ గంత కిందేసి చూడకుండ్రి అన్నా. మామూలు న్యూస్ సైట్లకు, వంటల సైట్లకు మంచిగనే పనిచేస్తది. జనం చేసే తప్పు ఏందంటే ఇన్‌స్టాల్ చేసి మోడ్ ఏదున్నదో చూడరు. బేసిక్ అంటే ఉత్త నెట్‌వర్క్ బ్లాకింగ్. యాడ్ పోతది గాని దాని ఖాళీ డబ్బా పేజీలో అట్లనే ఉంటది. ఆప్టిమల్‌ల పెడితే ఆ డబ్బా దాచుడు, స్క్రిప్ట్‌లెట్లు (పేజీల నడిచే చిన్న కోడ్ ముక్కలు) కూడా నడుస్తయి. కంప్లీట్ అంటే ఎక్కడబడితే అక్కడ వర్తించే దాచుడు రూల్స్ గూడ వస్తయి. పాత ల్యాప్‌టాప్ అయితే ఆప్టిమల్ దగ్గర ఆగండి. సెట్టింగ్స్‌ల ఫిల్టర్ లిస్టులల్ల (ఏమేం ఆపాల్నో రాసిన పట్టీలు) ఇండియన్‌లిస్ట్ టిక్ పెట్టుడు మర్వకండి.

లైట్ అసలు బలహీనత వేరే ఉన్నది. లిస్టులు విడిగా అప్‌డేట్ కావు, ఎక్స్‌టెన్షన్ కొత్త వెర్షన్ వచ్చినప్పుడే వస్తయి. రోజుకోతీరు మారే సైట్ల దగ్గర, అంటే యూట్యూబ్ అసుంటివాటి దగ్గర, అది ఎప్పుడూ ఒక అడుగు ఎనకనే ఉంటది. ఫైర్‌ఫాక్స్‌ల పూర్తి వెర్షన్‌కు క్విక్ ఫిక్సెస్ అని ఒక చిన్న లిస్టు ఉన్నది, అది కొన్ని గంటలకోసారి తనంతట తనే మారిన ముక్క వరకే తెచ్చుకుంటది.

#4 · కృష్ణ_కెనాల్

అర్థమైంది, ఫైర్‌ఫాక్స్‌కే వెళ్తాను. పాత యూబ్లాక్‌లో నేను రాసుకున్న ఫిల్టర్లు చాలా ఉన్నాయి. అవి తీసుకెళ్లొచ్చా? లిస్టులు ఎన్ని పెట్టాలి? ఇదివరకు కనిపించినవన్నీ టిక్ చేసి పెట్టుకున్నా. ఎన్ని ఎక్కువైతే అంత మంచిది కదా?

#5 · సీతాఫలం

కాదండీ, ఎక్కువైన కొద్దీ సైట్లు విరుగుతాయి. యాడ్‌గార్డ్ బేస్ లిస్టు, ఈజీలిస్ట్ చాలావరకూ ఒకే పని చేస్తాయి. రెండూ పెడితే కొత్తగా ఆగే యాడ్ వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, ర్యామ్ మాత్రం అదనంగా పోతుంది. ఇన్‌స్టాల్ చేయగానే వచ్చేవి, అంటే యూబ్లాక్ సొంత ఫిల్టర్లు, ఈజీలిస్ట్, ఈజీప్రైవసీ, పీటర్ లోవ్ లిస్టు, హానికర యూఆర్‌ఎల్‌ల లిస్టు, వీటిని కదపకండి. వాటికి రెండే కలపండి.

ఒకటి ఇండియన్‌లిస్ట్, ప్రాంతాల విభాగంలో ఉంటుంది. తెలుగు, తమిళం, కన్నడ, హిందీ సైట్ల కోసం చేసింది. ఈజీలిస్ట్ ప్రధానంగా ఇంగ్లిష్ సైట్లు చూసి రాస్తారు కాబట్టి మన న్యూస్ సైట్లలో పక్కన తేలే వీడియో డబ్బాలు, కింద అతుక్కునే పట్టీలు దానికి అందవు. బ్రౌజర్ భాష తెలుగులో ఉంటే యూబ్లాక్ తనే దీన్ని ఎంచుకుంటుంది. ఇంగ్లిష్‌లో ఉంటే మీరే టిక్ పెట్టాలి. మనలో చాలామందికి ఇదే లోపిస్తుంది.

రెండోది అనాయెన్సెస్ విభాగంలో కుకీ నోటీసులది. అది ఇష్టం. యూరప్, అమెరికాలో ఉన్నవాళ్లకి అవసరం ఎక్కువ.

ఇక ఫిల్టర్ల తరలింపు. యూబ్లాక్ బతికున్న బ్రౌజర్‌లో అయితే డాష్‌బోర్డ్, సెట్టింగ్స్, అడుగున "ఫైల్‌కి బ్యాకప్". ఒక టెక్స్ట్ ఫైలు వస్తుంది. ఫైర్‌ఫాక్స్‌లో యూబ్లాక్ పెట్టి అదే చోట "ఫైల్ నుంచి రీస్టోర్" నొక్కండి. క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్ ఆఫ్ అయ్యాక డాష్‌బోర్డ్ తెరుచుకోదు. రెండో ల్యాప్‌టాప్‌లో క్రోమ్ ఇంకా అప్‌డేట్ కాకుండా ఉంటే ఇప్పుడే బ్యాకప్ తీసి పెట్టుకోండి. దొరకకపోతే బెంగ పడకండి. పాత సొంత ఫిల్టర్లలో సగం ఇప్పటికి చచ్చినవే అయి ఉంటాయి.

#6 · బెజవాడ_బైట్

క్రోమ్‌లోనే యాడ్‌బ్లాక్ ప్లస్, యాడ్‌బ్లాక్ ఇంకా పనిచేస్తున్నాయిగా. వాటితో పోనిస్తే?

#7 · పోర్టు53

పనిచేస్తాయి, కానీ వాటి సంగతి తెలిసే వాడండి. యాడ్‌బ్లాక్ ప్లస్‌లో 2011 నుంచీ "ఆమోదయోగ్య ప్రకటనలు" అనే ఏర్పాటు ఉంది. వాళ్ల నియమాలకి ఒప్పుకున్న యాడ్‌లు ఇన్‌స్టాల్ చేసిన రోజు నుంచే వదిలేస్తుంది. అందులో పెద్ద కంపెనీలు డబ్బు కట్టి చేరతాయి. సెట్టింగ్స్‌లో టిక్ తీసేస్తే పోతుంది, అది దాచి పెట్టిందేమీ కాదు. కానీ చాలామందికి అక్కడ టిక్ ఉందనే తెలీదు.

పేర్ల దగ్గర కూడా జాగ్రత్త. "యూబ్లాక్" వేరు, "యూబ్లాక్ ఆరిజిన్" వేరు. 2015లో విడిపోయాయి. ఆరిజిన్ రాసేది మొదటి రచయిత రేమండ్ హిల్. ఆయన విరాళాలు తీసుకోడు, కాబట్టి విరాళం అడిగే యూబ్లాక్ సైటు కనిపించిందంటే అది ఆయనది కాదు. నానో యాడ్‌బ్లాకర్ కథ గుర్తుందా? 2020లో దాన్ని రాసినాయన వేరేవాళ్లకి అమ్మేశాడు. కొన్నవాళ్లు కొద్దిరోజుల్లోనే జనం బ్రౌజింగ్ సమాచారం లాగే కోడ్ పెట్టారు. యాడ్ బ్లాకర్‌కి మీరిచ్చే అనుమతి ప్రతి పేజీనీ చదివే అనుమతి. అందుకే స్టోర్‌లో వెతికి మొదట కనిపించింది నొక్కేయకుండా, డెవలపర్ పేరు చూసి పెట్టండి.

#8 · పత్రికాయన

చర్చ మధ్యలో నీళ్లు పోస్తున్నా అనుకోకండి. చిన్న తెలుగు సైటు నడిపే మాలాంటివాళ్ల మాట కూడా వినండి. గూగుల్ యాడ్‌ల పథకం యాడ్‌సెన్స్ తెలుగుకి వచ్చిందే 2018లో. అప్పటిదాకా తెలుగులో రాసి యాడ్‌ల మీద పైసా సంపాదించే దారి దాదాపు లేదు. సర్వర్ ఖర్చు, రాసేవాళ్ల ఖర్చు ఎక్కడినుంచి రావాలి? అందరూ అన్నీ బ్లాక్ చేస్తే మిగిలేవి పెద్ద పత్రికలు, లేకపోతే "ఈ హీరోయిన్ ఏం చేసిందో తెలిస్తే" రకం హెడ్డింగులూ. మేం వదలమంటున్నది ఒక బ్యానర్, మధ్యలో ఒక డబ్బా. పాప్-అప్‌లు కాదు.

#9 · సీతాఫలం

న్యాయమైన మాటే. చేసే విధానం చెబుతా, ఎందుకంటే "వైట్‌లిస్ట్ చేశా", అంటే ఆ సైటుకి యాడ్‌లు వదిలేశా, అనుకునేవాళ్లలో కొందరు నిజానికి చేయడం లేదు.

యూబ్లాక్ పెద్ద పవర్ బటన్ నొక్కితే ఆ సైటు మొత్తానికీ ఆగుతుంది. కంట్రోల్ పట్టుకుని నొక్కితే ఆ ఒక్క పేజీకే. నొక్కాక పేజీ రీలోడ్ చేయాలి, లేకపోతే ఏమీ మారదు. అయితే ఆ బటన్‌తో యాడ్‌లే కాదు, ఆ సైటులోని ట్రాకర్లన్నీ కూడా వదిలేసినట్టే. మధ్యేమార్గం కావాలంటే మై ఫిల్టర్స్‌లో మినహాయింపు రాయాలి. మొదట రెండు ఎట్ గుర్తులు, తర్వాత రెండు నిలువు గీతలు, యాడ్ సర్వర్ డొమైన్, టోపీ గుర్తు, చివర డాలర్ గుర్తు పెట్టి "డొమైన్" ఆప్షన్‌తో ఆ సైటు పేరు. అప్పుడు ఆ ఒక్క సైటులో ఆ ఒక్క యాడ్ సర్వరే వస్తుంది.

ఇంకో విషయం పత్రికాయన గారికి తెలుసనుకుంటా. యాడ్‌ని దాచడం వేరు, ఆపడం వేరు. దాచితే డేటా ఖర్చవుతూనే ఉంటుంది, మనకి కనబడదు. కాబట్టి కాస్మెటిక్ ఫిల్టర్ (దాచేది) ఒక్కటే ఉంచి పాఠకుడు సైటుకి సాయం చేశాననుకోవడం కూడా సరికాదు.

#10 · పోర్టు53

భద్రత కోణం కూడా పక్కన పెట్టలేం. 2022 డిసెంబర్‌లో అమెరికా ఎఫ్‌బీఐ తన సైబర్ హెచ్చరికలో వెతుకులాట ఫలితాల్లోని నకిలీ యాడ్‌ల గురించి చెబుతూ యాడ్ బ్లాకర్ పెట్టుకోమని సూచించింది. మనకి ఇక్కడ అదే బెడద "కస్టమర్ కేర్ నంబర్" రూపంలో. బ్యాంకు పేరు కొట్టి వెతికితే పైన వచ్చే స్పాన్సర్డ్ లింకు నకిలీది కావొచ్చు, బ్లాకర్ దాన్ని తీసేస్తుంది. అయితే మామూలు ఫలితాల్లోనూ మ్యాప్స్ లిస్టింగుల్లోనూ దూరిన దొంగ నంబర్లని ఏ బ్లాకరూ ఆపదు. నంబర్ కార్డు వెనకనో పాస్‌బుక్‌లోనో చూసుకోండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్.

#11 · కృష్ణ_కెనాల్

ఫైర్‌ఫాక్స్‌లో పెట్టేశా, బాగుంది. ఒక చిక్కు: ఒక సైటులో డబ్బు కట్టేటప్పుడు ఓటీపీ కొట్టాక తెల్లపేజీ వచ్చి ఆగిపోతోంది. యూబ్లాక్ ఆపితే పనిచేస్తోంది. అడ్వాన్స్‌డ్ యూజర్ టిక్ పెట్టి మూడోపక్షం (వేరే సైట్ల) స్క్రిప్టులు, ఫ్రేములు (పేజీలోపలి పేజీలు) ఎరుపు చేసి, అంటే మూసేసి ఉంచా.

#12 · ఓరుగల్లు_కోడర్

అదే కదా మరి. మీరు పెట్టినదాన్ని మీడియం మోడ్ అంటరు, దాంట్ల పేమెంట్ పేజీ పగలకపోతేనే ఆశ్చర్యపోవాలె. దుకాణం సైటు, పేమెంట్ గేట్‌వే, బ్యాంకు ఓటీపీ పేజీ: మూడు వేర్వేరు డొమైన్లు. గేట్‌వే ఫ్రేమ్‌ల తెరుచుకుంటది, దాంట్ల మళ్లీ బ్యాంకు పేజీ. మీరు మూడోపక్షం ఫ్రేములు మొత్తం మూసేసిండ్రు.

యూబ్లాక్ మొత్తం ఆపకండి. ఇట్ల చేయండి: ఆ దుకాణం పేజీల ఉండి యూబ్లాక్ నొక్కి, డొమైన్ల పట్టిక తెరవండి. రెండు నిలువు వరుసలుంటయి. ఎడమది అన్ని సైట్లకు, కుడిది ఈ సైటుకు మాత్రమే. కుడి వరుసల గేట్‌వే డొమైన్ ఎదురుగ బూడిదరంగు పెట్టండి. ఆకుపచ్చ కాదు! బూడిదరంగు అంటే "నా ఎర్రగీత దీనికి వర్తించదు, లిస్టుల ఫిల్టర్లు మాత్రం పనిచేయనీ" అని. ఆకుపచ్చ అంటే అన్నీ వదిలేసుడు. రీలోడ్ చేసి పనైతే తాళం బొమ్మ నొక్కి దాచుకోండి, నొక్కకపోతే బ్రౌజర్ మూసినంక పోతది.

డబ్బు కట్టేటప్పుడు మధ్యల రీలోడ్ మాత్రం చేయకండి. ముందే ఒక చిన్న రీచార్జితో పరీక్షించుకోండి.

ఇంకా పగులుతుంటే లాగర్ తెరవండి. పేజీ నడిపిస్తే ఎర్రగ కనిపించే వరుసలే ఆగినయి. వరుస నొక్కితే ఏ ఫిల్టర్, ఏ లిస్టుల నుంచి ఆపిందో చూపిస్తది. ఊహలతో కొట్టుకునుడు కన్న ఆ ఒక్క తెర చదువుడు నేర్చుకుంటే సగం ప్రశ్నలు ఈ వేదికకు రావు.

#13 · బెజవాడ_బైట్

టెలిగ్రామ్ డీల్స్ గ్రూపుల్లో లింకు నొక్కితే పేజీ మొత్తం ఆపేసి యూబ్లాక్ హెచ్చరిక వస్తోంది. అది వైరస్సా?

#14 · సీతాఫలం

చాలావరకు కాదు. అఫిలియేట్ లింకులు (మనం కొంటే పంపినవాళ్లకి కమీషన్ వచ్చేవి) ముందు ఒక ట్రాకింగ్ డొమైన్‌కి వెళ్లి అక్కడినుంచి దుకాణానికి మళ్లుతాయి. ఆ డొమైన్ లిస్టులో ఉంటే యూబ్లాక్ పేజీనే తెరవనివ్వదు. హెచ్చరిక పేజీలో ఏ లిస్టు వల్ల ఆగిందో రాసి ఉంటుంది. ఈజీప్రైవసీ, పీటర్ లోవ్ అయితే "ప్రొసీడ్" తాత్కాలికంగా నొక్కొచ్చు. హానికర యూఆర్‌ఎల్‌ల లిస్టు అయితే వెనక్కి వచ్చేయండి, ఆ డీల్ మనది కాదనుకోండి.

#15 · పోర్టు53

ఇప్పుడు ఫోన్లు. ఆండ్రాయిడ్‌లో ఫైర్‌ఫాక్స్ పెట్టి, మెనూలో ఎక్స్‌టెన్షన్స్‌లోకి వెళ్లి అదే యూబ్లాక్ ఆరిజిన్ కలపండి. దాన్నే డీఫాల్ట్ బ్రౌజర్ చేయండి, లేకపోతే వాట్సాప్ లింకులన్నీ క్రోమ్‌లోనే తెరుచుకుంటాయి. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ తమ లోపలి బ్రౌజర్‌లో తెరుస్తాయి, అక్కడ ఎక్స్‌టెన్షన్ పనిచేయదు. మూడు చుక్కలు నొక్కి బయటి బ్రౌజర్‌లో తెరవాలి. మొబైల్ డేటా మీద ఉండేవాళ్లకి ఒక పనికొచ్చే ఆప్షన్: యూబ్లాక్ సెట్టింగ్స్‌లో పెద్ద మీడియా ఫైళ్లు ఆపే టిక్. హద్దు మొదట 50 కేబీ ఉంటుంది, మార్చుకోవచ్చు. ఆగిన బొమ్మ చోట నొక్కితే అప్పుడు దిగుతుంది.

యాప్‌ల లోపలి యాడ్‌లకి బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ ఏమీ చేయలేదు. అక్కడ ప్రైవేట్ డీఎన్ఎస్, అంటే యాడ్ డొమైన్ల చిరునామా చెప్పని డీఎన్ఎస్ సర్వర్‌ని ఫోన్ అడిగేలా చేసే సెట్టింగ్, ఆండ్రాయిడ్ 9 నుంచీ ఉంది. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ విభాగం, ప్రైవేట్ డీఎన్ఎస్, ప్రొవైడర్ హోస్ట్‌నేమ్ గడిలో యాడ్‌గార్డ్ వాళ్ల చిరునామా: డీఎన్ఎస్ డాట్ యాడ్‌గార్డ్ హైఫన్ డీఎన్ఎస్ డాట్ కామ్, ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో. అక్కడ 94.140.14.14 లాంటి అంకెలు కొడితే తీసుకోదు, పేరే కావాలి.

ఇది 853 పోర్టు మీద నడుస్తుంది. ఆ పోర్టు మూసిన హోటల్ వైఫైలో, ఆఫీసు వైఫైలో "కనెక్ట్ అయింది, ఇంటర్నెట్ లేదు" అని చూపిస్తుంది. అప్పుడు దాన్ని ఆటోమేటిక్‌కి మార్చి, బయటపడ్డాక తిరిగి పెట్టుకోండి.

వీపీఎన్ రకం బ్లాకర్ యాప్‌లు ఉన్నాయి. ఆండ్రాయిడ్‌లో ఒకసారికి ఒకే వీపీఎన్ నడుస్తుంది కాబట్టి ఆఫీసు వీపీఎన్‌తో కొట్టుకుంటాయి, కొన్ని బ్యాంకు యాప్‌లు వీపీఎన్ ఆన్‌లో ఉంటే తెరుచుకోనంటాయి. "మరింత బాగా ఆపుతా, నా సర్టిఫికెట్ ఇన్‌స్టాల్ చెయ్యి" అని అడిగేవాటికి ఒప్పుకోకండి. మీ ఎన్‌క్రిప్టెడ్ పేజీలు విప్పి చూసే తాళం చేతికిచ్చినట్టు. పైగా ఆండ్రాయిడ్ 7 నుంచి చాలా యాప్‌లు అలా పెట్టిన సర్టిఫికెట్‌ని నమ్మవు, లాభమూ తక్కువే.

#16 · సిడ్నీ_శేషు

ఐఫోన్ సంగతి నేను చెబుతా. సఫారీకి 2015లో ఐఓఎస్ 9 నుంచి కంటెంట్ బ్లాకర్లు ఉన్నాయి. అదీ ముందే పట్టిక అప్పగించే పద్ధతే. ఒక్కో బ్లాకర్‌కి మొదట 50,000 రూల్స్ హద్దు, తర్వాత 1,50,000కి పెంచారు. 2025లో యూబ్లాక్ ఆరిజిన్ లైట్ కూడా యాప్ స్టోర్‌కి వచ్చింది. ఇన్‌స్టాల్ చేసి వదిలేస్తే చాలదు: సెట్టింగ్స్‌లో సఫారీ ఎక్స్‌టెన్షన్లలోకి వెళ్లి ఆన్ చేసి, అన్ని వెబ్‌సైట్లకీ "అలో" ఇవ్వాలి. ఐఫోన్ క్రోమ్‌లో ఇది పనిచేయదు, సఫారీలోనే.

#17 · కృష్ణ_కెనాల్

మా నాన్నగారి ఫోన్‌లో యూబ్లాక్ పెట్టినా "మీ ఫోన్‌లో 13 వైరస్‌లు" అని పైనుంచి దిగుతూనే ఉంది. బ్రౌజర్ మూసి ఉన్నా వస్తోంది.

#18 · సీతాఫలం

అవి యాడ్‌లు కావు, నోటిఫికేషన్లు. ఏదో సైటులో "మీరు రోబో కాదని రుజువు చేయడానికి అలో నొక్కండి" అంటే నొక్కి ఉంటారు. క్రోమ్ సెట్టింగ్స్, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్. అక్కడ అనుమతించినవాటి జాబితాలో తెలియని పేర్లన్నీ తీసేయండి. పైన "సైట్లు అడగనివ్వు" అన్నదే ఆఫ్ చేస్తే మళ్లీ రావు. పెద్దవాళ్ల ఫోన్లలో బ్లాకర్ కంటే ముందు చేయాల్సిన పని ఇదే. లాక్‌స్క్రీన్ మీద వచ్చే వార్తలు, యాడ్‌లు వేరు, అవి ఫోన్ తయారీదారు పెట్టినవి. లాక్‌స్క్రీన్ వాల్‌పేపర్ సెట్టింగ్స్‌లో ఆపాలి.

#19 · పోర్టు53

ఇక రూటర్ ప్రశ్న. పై-హోల్ (ఇంటి మొత్తానికీ యాడ్‌లు ఆపే సాఫ్ట్‌వేర్) పెట్టొచ్చు. కానీ అదేం చేయగలదో ముందు తెలియాలి. అది డీఎన్ఎస్ సర్వర్. యాడ్ డొమైన్ చిరునామా అడిగితే 0.0.0.0 అని జవాబిస్తుంది, అంతే. డొమైన్ వేరుగా ఉన్న యాడ్ ఆగుతుంది, అసలు సైటు డొమైన్ నుంచే వచ్చే యాడ్ ఆగదు. ఖాళీ డబ్బాలు దాచలేదు. అందుకని బ్రౌజర్‌లో యూబ్లాక్‌కి ఇది బదులు కాదు. యూబ్లాక్ పెట్టలేని టీవీకి, యాప్‌లకి, సీసీ కెమెరా బాక్సులకి ఇది.

సామాన్లు: రాస్‌ప్‌బెర్రీ పై (అరచేతంత చిన్న కంప్యూటర్) ఏదైనా. జీరో 2 డబ్ల్యూలో ర్యామ్ 512 ఎంబీయే, అదే ఎక్కువ. జీరోకి ఈథర్నెట్ సాకెట్ ఉండదు, యూఎస్‌బీ అడాప్టర్ తీసుకోండి. ఇంటిమొత్తం డీఎన్ఎస్‌ని వైఫై మీద వేలాడదీయకండి. మూల పడిన పాత ల్యాప్‌టాప్‌లో డెబియన్ లినక్స్ వేసినా నడుస్తుంది. దానికి మారని ఐపీ ఇవ్వండి, రూటర్ డీహెచ్‌సీపీ (పరికరాలకి ఐపీలు తనంతట తనే ఇచ్చే ఏర్పాటు) పంచే పరిధికి బయట. ఉదాహరణకి పరిధి 192.168.1.100 నుంచి మొదలైతే 192.168.1.5. పై-హోల్ ఇన్‌స్టాల్ అయ్యాక రూటర్ లాన్ (ఇంటి నెట్‌వర్క్) సెట్టింగ్స్‌లో డీఎన్ఎస్ గడిలో అదే అంకె వేయండి.

ఇక్కడే పదిమందిలో తొమ్మిదిమంది తప్పు చేస్తారు: రెండో డీఎన్ఎస్ గడిలో "దేనికైనా మంచిది" అని గూగుల్ డీఎన్ఎస్ 8.8.8.8 వేస్తారు. రెండోది స్టెప్నీ టైరు కాదు. పరికరాలు మొదటిది బాగున్నా రెండోదాన్ని కూడా అడుగుతుంటాయి. అక్కడినుంచి యాడ్‌లు దర్జాగా వస్తాయి. ఖాళీ వదలండి, లేదా రెండోచోటా అదే అంకె.

రెండో చిల్లు ఐపీవీ6 (కొత్త రకం ఐపీ చిరునామాలు, పాతవి వీ4). మన ఫైబర్ కనెక్షన్లలో చాలావాటికి వీ6 వస్తోంది, రూటర్ తన వీ6 చిరునామానే డీఎన్ఎస్‌గా ప్రకటిస్తుంది. ఫోన్ వీ4లో పై-హోల్ ఉందని తెలిసినా వీ6లో రూటర్‌ని అడిగేస్తుంది. పై-హోల్ క్వెరీ లాగ్‌లో (వచ్చిన ప్రశ్నల జాబితా) ఒక ఫోన్ నుంచి అప్పుడప్పుడే ప్రశ్నలు కనిపిస్తే కారణం ఇదే. వీ6 డీఎన్ఎస్ ప్రకటన ఆపే ఆప్షన్ రూటర్‌లో ఉంటే ఆపండి, లేదా పై-హోల్ వీ6 చిరునామా అక్కడ ఇవ్వండి.

మూడోది బ్రౌజర్ల సెక్యూర్ డీఎన్ఎస్, అంటే మన పై-హోల్‌ని వదిలి బ్రౌజరే బయటి డీఎన్ఎస్‌ని అడగడం. ఫైర్‌ఫాక్స్ తనంతట తాను ఆన్ చేసుకోబోతే పై-హోల్ ఒక సంకేతం ఇచ్చి ఆపిస్తుంది. మీరు చేత్తో ఆన్ చేస్తే మాత్రం ఆపలేదు.

కరెంటు సంగతీ చూడండి. చాలా ఇళ్లలో రూటర్‌కి 12 వోల్టుల చిన్న యూపీఎస్ ఉంటుంది, పై-కి కావాల్సింది 5 వోల్టులు. కరెంటు పోగానే రూటర్ బతికి రాస్‌ప్‌బెర్రీ పై చచ్చిపోతుంది. వైఫై గుర్తు నిండుగానే ఉంటుంది, ఏ పేజీ తెరుచుకోదు. ఇంట్లోవాళ్లు మీ మీద పడతారు. 5 వోల్టుల యూఎస్‌బీ అవుట్‌పుట్ కూడా ఉన్న యూపీఎస్ కొనండి. అదేపనిగా కరెంటు పోతే ఎస్‌డీ కార్డు కూడా పాడవుతుంది.

#20 · బెజవాడ_బైట్

పై-హోల్ పెడితే టీవీలో యూట్యూబ్ యాడ్‌లు, క్రికెట్ మధ్యలో వచ్చే యాడ్‌లు పోతాయా?

#21 · పోర్టు53

రెండూ పోవు. యూట్యూబ్ యాడ్ వీడియో, అసలు వీడియో ఒకే సర్వర్ల నుంచి వస్తాయి, దాన్ని బ్లాక్ చేస్తే రెండూ ఆగుతాయి. లైవ్ మ్యాచ్‌లో యాడ్‌ని సర్వర్ దగ్గరే స్ట్రీమ్‌లో కుట్టేసి పంపుతారు. టీవీ హోమ్ స్క్రీన్ బ్యానర్లు, టీవీ పంపే ట్రాకింగ్ మాత్రం ఆగుతాయి. కొన్ని టీవీలు రూటర్ చెప్పింది వినకుండా నేరుగా 8.8.8.8ని అడుగుతాయి. రూటర్‌లో 53 పోర్టు ట్రాఫిక్‌ని పై-హోల్‌కి మళ్లించే రూల్ రాయగలిగితేనే అది లొంగుతుంది. కంపెనీ ఇచ్చే రూటర్లలో ఆ సదుపాయం మామూలుగా ఉండదు.

#22 · ఓరుగల్లు_కోడర్

కంప్యూటర్ల యూట్యూబ్ ముచ్చట నేను జెప్త. యూబ్లాక్ అక్కడ చేసేది బ్లాకింగ్ కాదు. వీడియోతోని సర్వర్ ఒక జేసన్ (సమాచారపు పట్టీ) పంపుతది, ఎక్కడెక్కడ యాడ్ పెట్టాల్నో దాంట్ల ఉంటది. ప్లేయర్ చదవకముందే స్క్రిప్ట్‌లెట్ ఆ భాగాన్ని కత్తిరిస్తది. యూట్యూబోళ్లు ఆ పేర్లు, వరుస మారుస్తరు, లిస్టోళ్లు మళ్లీ రాస్తరు. గందుకే ఒకరోజు పనిచేసి ఒకరోజు చేయదు.

"బ్లాకర్లు మా నిబంధనలకు విరుద్ధం" అన్న పెట్టె వస్తే వరుస ఇది: ఇంకో బ్లాకర్ ఏదన్న ఉంటే తీసేయండి, ఎందుకంటే రెండు కలిస్తే ఒకదాని మినహాయింపును ఇంకోటి చెడగొడ్తది. మై ఫిల్టర్స్‌ల యూట్యూబ్ కోసం ఎక్కడినుంచో కాపీ కొట్టినయి ఉంటే తీసేయండి. ఫిల్టర్ లిస్టుల ట్యాబ్‌ల క్యాషెలన్నీ పర్జ్ (ఖాళీ) చేసి, అప్‌డేట్ నౌ నొక్కండి. ట్యాబ్ మూసి తెరవండి. అయినా వస్తే ఒకపూట ఆగండి. పైసలు పెట్టగలిగితే ప్రీమియం తీసుకోండి, దాంట్ల తప్పేం లేదు.

టెలిగ్రామ్‌ల దొరికే మాడ్ చేసిన ఏపీకేలు (ఎవరో మార్చిన యాప్ ఫైళ్లు) మాత్రం గూగుల్ అకౌంట్ ఉన్న ఫోన్‌ల ఎక్కియ్యకుండ్రి.

#23 · పత్రికాయన

"యాడ్ బ్లాకర్ ఆపితేనే చదవనిస్తాం" అనే గోడలు చాలా సైట్లలో చూస్తున్నా. మా సైటులో పెట్టం గానీ, మాకు వచ్చే ఫిర్యాదు ఒకటుంది: "ఆపేశాం, అయినా గోడ పోవట్లేదు" అని. ఎందుకలా?

#24 · సీతాఫలం

ఒక పొర ఆపారు, ఇంకో పొర మిగిలి ఉంది. ఫైర్‌ఫాక్స్ సొంత ట్రాకింగ్ రక్షణ స్ట్రిక్ట్‌లో ఉండొచ్చు, బ్రేవ్ షీల్డ్స్ ఉండొచ్చు, ఫోన్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్, ఇంట్లో పై-హోల్. గోడ స్క్రిప్టు యాడ్ ఫైలు దిగిందా లేదా అనే చూస్తుంది, ఎవరు ఆపారో దానికి అనవసరం. ఫోన్ అయితే వైఫై ఆపి మొబైల్ డేటా మీద చూడండి. పనిచేస్తే తప్పు ఇంటి నెట్‌వర్క్‌ది. చదవాల్సింది ఒక్క వ్యాసమే అయితే రీడర్ వ్యూ చాలు.

ఇదే చోట ఇంకో మాట. తెలుగు సైట్లలో అక్షరాల బదులు చతురస్రాలు, పిచ్చి గుర్తులు కనిపిస్తే యూబ్లాక్ ప్యానెల్ అడుగున ఫాంట్ గుర్తు చూడండి. బయటి ఫాంట్లు ఆపే స్విచ్ అది. యూనికోడ్ సైటు అయితే ఆపినా విండోస్‌లో నిర్మలా యూఐ, ఆండ్రాయిడ్‌లో నోటో తెలుగు వచ్చి అక్షరాలు బాగానే ఉంటాయి, మెనూ బొమ్మలు మాత్రమే చతురస్రాలవుతాయి. పాత ఆర్కైవ్ పేజీలు కొన్ని యూనికోడ్ కాని సొంత ఫాంట్ మీద ఉన్నాయి. ఫైర్‌ఫాక్స్‌లో "పద్మ" పెట్టుకుని చదివిన కాలం నాటివి. అక్కడ ఫాంట్ ఆపితే ఒక్క ముక్క అర్థం కాదు. ఆ సైటు వరకు స్విచ్ తీసేయండి.

#25 · కృష్ణ_కెనాల్

పై-హోల్ ఎక్కించా. కంపెనీ రూటర్‌లో లాన్ డీఎన్ఎస్ గడి కనిపిస్తోంది గానీ మార్చనివ్వడం లేదు.

#26 · పోర్టు53

అలాంటప్పుడు రూటర్‌లో డీహెచ్‌సీపీ ఆపి, పై-హోల్ సెట్టింగ్స్‌లో డీహెచ్‌సీపీ ఆన్ చేయండి. గేట్‌వే గడిలో రూటర్ ఐపీ, పరిధి 192.168.1.100 నుంచి 200. వరస తప్పొద్దు: ముందు ల్యాప్‌టాప్‌కి చేత్తో ఒక ఐపీ ఇచ్చుకోండి, అప్పుడు రూటర్‌ది ఆపండి, వెంటనే పై-హోల్‌ది ఆన్ చేయండి. రెండూ ఒకేసారి నడిస్తే సగం ఫోన్లు ఇటూ సగం అటూ పోతాయి. ఆ తర్వాత ప్రతి పరికరంలో వైఫై ఒకసారి ఆపి పెట్టండి, లేకపోతే పాత లీజు (ఐపీ ఇచ్చిన గడువు) అయిపోయేదాకా రూటర్‌నే అడుగుతుంటాయి.

డీహెచ్‌సీపీ కూడా ఆపనివ్వకపోతే ఆ రూటర్ వెనక మీ సొంత రూటర్ ఒకటి పెట్టి, ఇంట్లో పరికరాలన్నీ దాని వైఫైకే కలపండి. పాతదాని వైఫై పేరు ఆపేయడం మర్చిపోకండి, టీవీ దాన్నే వెతుక్కుని ఎక్కేస్తుంది.